దూరవిద్యలో అంతర్జాతీయ వ్యాపార న్యాయం: తాడిపత్రి నుంచి చదివినవాడి సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. ఎగుమతి కాగితాలతో రోజూ తల పట్టుకునేవాళ్లయితే ఈ చదువు చదవండి, పెట్టిన డబ్బు వృథా పోదు. నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడాలన్నది కోరికైతే మాత్రం దీని జోలికి రావద్దు. చేరేముందు నేను చాలా వెతికాను. రాయలసీమలో ఉండి, ఉద్యోగం చేసుకుంటూ ఈ కోర్సు చదివినవాళ్లు రాసిన మాట ఒక్కటీ కంటపడలేదు. దొరికినవన్నీ కోర్సు అమ్మేవాళ్ల ప్రకటనలే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తాడిపత్రిలో ఒక బండల ఫ్యాక్టరీలో ఎగుమతి డాక్యుమెంట్లు చూడడం నా ఉద్యోగం. గ్రానైట్, నల్ల కడప బండ మా సరుకు. ఇక్కడ కోత, పాలిష్ అయిన బండలు చెక్క క్రేట్లలో కంటైనరెక్కి చెన్నై రేవుకు పోతాయి. అక్కణ్నుంచి బ్రిటన్, జర్మనీ, గల్ఫ్ దేశాలకు. బీకాం అయ్యాక లా కాలేజీకి వెళ్లి ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్‌గానే చదివాను. అక్కడ 1872 కాంట్రాక్టు చట్టం, 1930 సరుకుల అమ్మకం చట్టం బాగానే చెప్పారు. ఇన్వాయిస్ మీద ఎఫ్‌ఓబీ (సరుకు ఓడ మీదికి చేరేదాకా రిస్కు అమ్మినవాళ్లదే అన్న షరతు) అని రాస్తే ఎవరి నెత్తిన ఏం పడుతుందో, ఎల్‌సీలో (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే అడిగిన కాగితాలు సరిగా ఇస్తే డబ్బు చెల్లిస్తానని కొన్నవాళ్ల బ్యాంకు ఇచ్చే హామీ) ఒక్క మాట తేడా వస్తే బ్యాంకు డబ్బు ఎందుకు ఆపుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ లోటు తీర్చుకోవాలనే బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చే ఎల్‌ఎల్‌ఎంలో చేరాను. అందులో అంతర్జాతీయ వ్యాపార న్యాయం తీసుకున్నాను. ఉద్యోగం మానకుండా, నిదానంగా, కొన్నేళ్లు పట్టి పూర్తి చేశాను.

అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది లెటర్ ఆఫ్ క్రెడిట్ భాగం. యూసీపీ 600 అనే పేరు మా ఆఫీసుకు వచ్చే ప్రతి ఎల్‌సీలో ఉంటుంది. పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ తయారుచేసిన నియమాలివి, 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. మొత్తం 39 ఆర్టికల్స్. ఒక ఆదివారం కూర్చుంటే చదివేయొచ్చు, అయినా మా బజారులో చదివినవాళ్లు నాకు కనపడలేదు. అందులో 5వ ఆర్టికల్ చెప్పేది ఒక్కటే: బ్యాంకు చూసేది కాగితాలను, సరుకును కాదు. "బండలు ఓడెక్కి పాయె, దుడ్లు ఎందుకు రాలేదప్పా?" అని మా ఓనర్ అడిగినప్పుడల్లా జవాబు అక్కడే ఉంది.

ఒక సంగతి దగ్గరగా చూపిస్తాను. ఒకసారి వచ్చిన ఎల్‌సీలో సరుకు వర్ణన "బ్లాక్ లైమ్‌స్టోన్ స్లాబ్స్, హోన్డ్, 20 ఎంఎం" అని ఉంది. ఇన్వాయిస్ మీద అక్షరం పొల్లుపోకుండా అదే వేశాం, ఎందుకంటే 18(సి) ఆర్టికల్ ప్రకారం ఇన్వాయిస్‌లోని వర్ణన ఎల్‌సీ వర్ణనకు సరిపోవాలి. ప్యాకింగ్ లిస్టులో మాత్రం "లైమ్‌స్టోన్ స్లాబ్స్" అని ఊరుకున్నాం. బ్యాంకు ఆ ప్యాకింగ్ లిస్టు మీద డిస్క్రెపెన్సీ, అంటే కాగితాల్లో తేడా ఉందన్న అభ్యంతరం, రాసింది. 14(ఇ) ఆర్టికల్ చూపించి ఉత్తరం పెట్టాను: ఇన్వాయిస్ కాక మిగతా కాగితాల్లో వర్ణన సాధారణ మాటల్లో ఉండొచ్చు, ఎల్‌సీతో విరుద్ధంగా లేకపోతే చాలు. అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. బ్యాంకుకు కూడా గడువు ఉంటుందని తెలిసింది ఈ కోర్సులోనే. కాగితాలు అందిన మర్నాటి నుంచి అయిదు బ్యాంకు పనిదినాల్లోపల, లోపాలన్నీ ఒకేసారి రాసి తిరస్కరించాలి. అలా చెయ్యకపోతే తర్వాత కాగితాలు సరిగా లేవని అనే హక్కు పోతుంది. ఇదంతా 16వ ఆర్టికల్‌లో ఉంది. మా వ్యాపారంలో బ్యాంకు ఏమన్నా తలూపి డిస్క్రెపెన్సీ చార్జీ కట్టేయడం అలవాటు. ఆ అలవాటు మా ఫ్యాక్టరీ వరకైనా పోయింది.

రెండోది ఇన్‌కోటర్మ్స్, అంటే అమ్మకంలో ఖర్చు, రిస్కు ఎక్కడ ఎవరికి మారుతాయో చెప్పే అంతర్జాతీయ వ్యాపార పదాలు. 2020 కూర్పులో పదకొండు పదాలున్నాయి. తాడిపత్రిలో ఎవరి కొటేషన్ చూసినా ఎఫ్‌ఓబీ చెన్నై అనే ఉంటుంది. దీనికి పాఠంలో వాడిన కేసు 1954 నాటి పైరీన్ వర్సెస్ సింధియా. భారత ప్రభుత్వం కొన్న అగ్నిమాపక వాహనాన్ని బొంబాయికి పంపడానికి ఇంగ్లండ్ రేవులో ఓడలోకి ఎత్తుతుంటే, ఓడ అంచు దాటకముందే కింద పడిపోయింది. సరుకు ఇంకా అమ్మినవాళ్లదే. అమ్మినవాళ్లు ఓడ కంపెనీ మీద దావా వేస్తే, రవాణా ఒప్పందం వాళ్లు చేసుకోకపోయినా అందులోని బాధ్యత పరిమితి వాళ్లకూ వర్తిస్తుందని జడ్జి డెవ్లిన్ తీర్పు చెప్పాడు. అంటే పరిహారం వచ్చింది ఆ పరిమితి మేరకే. ఇది చదివినరోజు నాకు నిద్రపట్టలేదు. మా కంటైనర్లు ఫ్యాక్టరీలో సీలు పడ్డాక చెన్నై యార్డులో రోజుల తరబడి ఉంటాయి. అక్కడ క్రేటు జారి బండలు పగిలితే, ఎఫ్‌ఓబీ కింద ఆ నష్టం మాదే, సరుకు ఓడ మీదికి చేరేదాకా. కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ (ఒప్పుకున్న చోట కొన్నవాళ్ల రవాణాదారుకు సరుకు అప్పగించే షరతు) వాడమని ఇన్‌కోటర్మ్స్ చెప్పేది ఇందుకే. మా ఫ్యాక్టరీ స్థలాన్నే పేర్కొంటే, కొన్నవాళ్లు పంపిన లారీ మీదికి ఎక్కించగానే రిస్కు వాళ్లకు మారుతుంది. బ్యాంకుకు ఆన్‌బోర్డ్ బీఎల్ (సరుకు ఓడెక్కిందని రవాణాదారు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్) కావాలి కదా అన్న చిక్కుకు కూడా 2020 కూర్పు దారి చూపింది: ఓడెక్కాక ఆన్‌బోర్డ్ బీఎల్ అమ్మినవాళ్లకు ఇవ్వమని కొన్నవాళ్లే రవాణాదారుకు చెప్పేట్టు ముందే ఒప్పుకోవచ్చు. బ్రిటన్ బయ్యరు ఒకరు దీనికి ఒప్పుకున్నారు. గల్ఫ్ వాళ్లు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఎఫ్‌ఓబీనే అంటారు. అయితే ఆ కన్‌సైన్‌మెంట్లకు ఓడెక్కేదాకా బీమా తీసుకోవాలని ఇప్పుడు మాకు తెలుసు.

మూడోది 1980 వియన్నా ఒప్పందం, సీఐఎస్‌జీ అంటారు. 1988 నుంచి అమల్లో ఉంది. భారత్ ఇందులో చేరలేదు, బ్రిటన్ కూడా చేరలేదు. మరి మనకెందుకు అనిపిస్తుంది. జర్మనీ చేరింది. జర్మన్ బయ్యరు పంపే ఒప్పందంలో "జర్మన్ చట్టం వర్తిస్తుంది" అన్న ఒక్క లైను ఉంటే, ప్రత్యేకంగా వద్దని రాసుకుంటే తప్ప ఈ ఒప్పందం కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. నల్ల కడప బండ ఆరుబయట పరిస్తే ఎండకీ వానకీ నలుపు తగ్గి బూడిద రంగుకు తిరుగుతుంది. ఇది బండల పని చేసే ప్రతివాళ్లకూ తెలిసిన సంగతి, కొనేవాళ్లందరికీ తెలియదు. సీఐఎస్‌జీ 39వ ఆర్టికల్ ప్రకారం లోపం బయటపడ్డాక తగిన సమయంలోపల చెప్పాలి, సరుకు అందాక ఎంత ఆలస్యమైనా రెండేళ్లు దాటకూడదు. అంటే రెండు చలికాలాలు గడిచాక కూడా రంగు పోయిందని ఉత్తరం రావచ్చు. ఇప్పుడు మా ప్రతి ఒప్పందంలో ఆరుబయట వాడితే రంగు మారుతుందన్న మాట విడిగా రాసి, కొన్నవాళ్ల సంతకం తీసుకుంటున్నాం. కోర్సు ఫీజు మొత్తం ఈ ఒక్క క్లాజుతో తిరిగొచ్చిందని నా నమ్మకం.

మధ్యవర్తిత్వం గురించి కూడా చెప్పాలి. మా ఇన్వాయిస్ అడుగున ఎన్నో ఏళ్లుగా "తాడిపత్రి కోర్టు పరిధికి లోబడి" అని అచ్చయి ఉండేది. మన కోర్టులో డిక్రీ తెచ్చుకున్నా, జర్మనీలో దాన్ని అమలు చేయించుకోవడానికి రెండు దేశాల మధ్య ఒప్పందమేమీ లేదు. ఆర్బిట్రేషన్ అవార్డయితే, అంటే మధ్యవర్తి ఇచ్చే తీర్పయితే, 1958 న్యూయార్క్ ఒప్పందం కింద 170కి పైగా దేశాల్లో అమలుకు వెళ్లొచ్చు. మన వైపు నుంచి చూసినా అంతే. చైనా కోర్టు డిక్రీని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద ఇక్కడ నేరుగా అమలు చేయలేరు. కానీ 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద చైనాను 2012లో నోటిఫై చేశారు కాబట్టి అక్కడి అవార్డు ఇక్కడ చెల్లుతుంది. గ్రానైట్ చైనాకు పంపేవాళ్లు ఈ ఒక్క తేడా తెలుసుకుంటే ఒప్పందం రాసే తీరే మారిపోతుంది.

ఇక బాగాలేనివి. క్లాసులు లండన్ సాయంత్రం ఆరింటికి. మనకది వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. స్టఫింగ్ (కంటైనర్లో సరుకు నింపడం) ఉన్నరోజు పొద్దున్నించీ ఫ్యాక్టరీలో నిలబడి, రాత్రి ఆ క్లాసు వినడం నా వల్ల కాలేదు, రికార్డింగులే చూశాను. రికార్డింగును ప్రశ్న అడగలేం. అసైన్‌మెంటు మీద వచ్చే వ్యాఖ్య చాలాసార్లు రెండు లైన్లే. ఆ డబ్బుకు అది చాలదని వాళ్లకే రాశాను, మార్పు రాలేదు. కొన్ని పాఠ్య గైడ్లు పాతబడి ఉన్నాయి. ఆన్‌లైన్ లైబ్రరీ మాత్రం గొప్పది. ఇక్కడ ఏ కాలేజీలోనూ నాకు దొరకని తీర్పులు, జర్నల్స్ తాడిపత్రిలో ఇంట్లో కూర్చుని చదివాను. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే.

వాదించడానికి మనిషి లేకపోవడం అసలైన లోటు. చట్టం ఒంటరిగా చదివితే అన్నీ అర్థమైనట్టే ఉంటుంది. అనంతపురంలో నాకు తెలిసిన సీనియర్ అడ్వకేట్ ఒకరు ఆ లోటు తీర్చారు. ఆయనకు ఎగుమతులు తెలియవు, ఒప్పందం చదవడం తెలుసు. నేను చదివింది చెబితే, అవతలి పార్టీ లాయరులా అడ్డుపడేవారు. చేరినరోజే ఆయన ఒక మాట అన్నారు: "ఈ డిగ్రీతో వకాల్తా వేయలేవు నాయనా, అది గుర్తు పెట్టుకుని చదువు." అది నిజం. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం దూరవిద్యలో చదివిన లా డిగ్రీతో అడ్వకేటుగా ఎన్‌రోల్ కాలేరు. యూజీసీ 2020 నిబంధనలు మన దేశంలో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో న్యాయశాస్త్ర డిగ్రీలు ఇవ్వడాన్నే అనుమతించవు. కాబట్టి లెక్చరర్ ఉద్యోగం కోసమో, కోర్టు కోసమో చేరాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే ఆగండి. డిగ్రీ కాగితం అక్కర్లేదు, విషయం చాలు అనుకునేవాళ్లకు మన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు కొన్ని దూరవిద్యలో డిప్లొమాలు ఇస్తున్నాయి. ఖర్చు చాలా తక్కువ.

ఖర్చంటే గుర్తొచ్చింది. బ్రిటన్ ఫీజు పౌండ్లలో, మాడ్యూల్ వారీగా కట్టుకోవచ్చు. నాలాంటి జీతగాడికి అదే ఊరట. బ్యాంకులో ప్రతిసారీ ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) నింపాలి. పౌండు రేటు పెరిగితే మీ బడ్జెట్ కూడా పెరుగుతుంది, కొంచెం మిగులు పెట్టుకోండి.

కోర్సు నేర్పనిది మన చట్టం. ఎగుమతి డబ్బు దేశానికి తెచ్చుకోవాల్సిన గడువు ఫెమా 1999 (విదేశీ మారక ద్రవ్యం చట్టం) కింద ఉంటుంది. కొన్నవాళ్లు ఎగ్గొడితే ఆదుకునేది ఈసీజీసీ (ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ) బీమా. ఈ రెండూ లండన్ పాఠంలో ఉండవు. నేను చదువుతున్న కాలానికి బిల్ ఆఫ్ లేడింగ్ మీద మన చట్టం 1856 నాటిది. 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్తది తెచ్చింది, సముద్ర రవాణా చట్టం కూడా మారింది. ఇవన్నీ సొంతంగా చదువుకోవాల్సిందే. రోజూ డాక్యుమెంట్లు చూసేవాళ్లకు ఇది కష్టం కాదు, కొత్తవాళ్లకు మాత్రం కష్టమే.

చేరేవాళ్లకు నా సలహా: ముందు అంతర్జాతీయ అమ్మకాల మాడ్యూల్ తీసుకోండి, తర్వాత బ్యాంకు చెల్లింపులది, ఆ తర్వాత ఆర్బిట్రేషన్. సముద్ర రవాణా వీటి తర్వాతే బాగా తలకెక్కుతుంది. డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) మాడ్యూల్ నాకు పనికిరాలేదు, దేశాల మధ్య గొడవలవి. విదేశీ పెట్టుబడుల మాడ్యూల్ నా ఉద్యోగానికి దూరమే. కానీ వైట్ ఇండస్ట్రీస్ కేసు కోసమైనా చదవడం మంచిదైంది. కోల్ ఇండియాతో గొడవలో గెలిచిన అవార్డు మన కోర్టుల్లో ఏళ్ల తరబడి నానడంతో ఆ ఆస్ట్రేలియా కంపెనీ రెండు దేశాల పెట్టుబడి ఒప్పందం కింద భారత ప్రభుత్వం మీదికే వెళ్లి 2011లో గెలిచింది. పెనుకొండ దగ్గర కియాకు విడిభాగాలిచ్చే కంపెనీల్లో పనిచేసేవాళ్లయితే ఆ మాడ్యూలే ముందు తీసుకోండి. కొరియా యాజమాన్యాలతో మాట్లాడేటప్పుడు పెట్టుబడి ఒప్పందాల ఊసు రాకమానదు.