టైల్స్ కోయాలి, కాంక్రీటు అరగదీయాలి: 4 అంగుళాల గ్రైండరా, 5 అంగుళాలదా?

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, పాత ఇంటికి రిపేర్లు చేయించుకుంటున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. టైల్స్ కోతకీ, ఎగుడుదిగుడుగా ఉన్న కాంక్రీటు చదును చేయడానికీ కలిపి ఒకటే మిషన్ కొనాలి, ఏది మేలు? 4, 5 అంగుళాలంటే చేత్తో పట్టుకుని వాడే ఈ గ్రైండర్‌కి బిగించే డిస్క్ సైజు. చాలామంది ఆ డిస్క్ ఎంత లోతుకి కోస్తుందో చూస్తున్నారు. మామూలు విట్రిఫైడ్ టైలు మందం 8 నుంచి 10 మిల్లీమీటర్లే. చిన్న గ్రైండరైనా దాన్ని అవలీలగా కోసేస్తుంది. ఏ మిషన్ కొనాలో తేల్చేది కాంక్రీటే.

మన షాపుల్లో 4 అంగుళాలవి ఎక్కువగా 600 నుంచి 850 వాట్ల దాకా ఉంటాయి. తేలిగ్గా చేతిలో ఇమిడిపోతాయి. పైపు కోసం టైలులో గుండ్రంగా కొట్టాలన్నా, స్విచ్ బాక్సు దగ్గర మూల తీయాలన్నా, అంచుని 45 డిగ్రీల్లో చెక్కాలన్నా వీటితో ఉన్న సుఖం పెద్ద మిషన్లతో ఉండదు. గాట్లు లేకుండా చుట్టూ ఒకే అంచున్న డైమండ్ బ్లేడు వేసి, నొక్కకుండా నడిపిస్తే పెచ్చులు లేవడం బాగా తగ్గుతుంది.

అదే మిషన్‌కి డైమండ్ కప్పు (కాంక్రీటు అరగదీసే గిన్నెలాంటి చక్రం) బిగించి కాంక్రీటు మీద పెట్టి చూడండి. బ్లేడు టైలుని తాకేది సన్నటి గీత మేర మాత్రమే. కప్పు అలా కాదు, వెడల్పుగా పట్టుకుంటుంది. కాస్త నొక్కగానే మిషన్ గొంతు మారిపోతుంది. కీచుమనే శబ్దం బరువైన మూలుగులోకి దిగిందంటే వేగం పడిపోయినట్టే. మోటారుని చల్లబరిచే ఫ్యాను ఉండేది కూడా ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) ఇరుసు మీదే. వేగం తగ్గితే గాలి తగ్గుతుంది, లోడు పెరిగి కరెంటు మాత్రం ఎక్కువ లాగుతుంది. వేడి రెండు రకాలుగా పెరుగుతుందన్నమాట. ముందు గేర్ల దగ్గర చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, తర్వాత మాడు వాసన వస్తుంది, ఆపైన వైండింగ్ షాపుకి పోవాల్సిందే.

అందుకే నా లెక్కలో అసలు విషయం వాట్లు. కనీసం 1000, వీలైతే 1400 వాట్ల 5 అంగుళాల మిషన్, అందులోనూ స్పీడు తగ్గించుకునే డయల్ ఉన్నది తీసుకోండి. బరువు కొంచెం ఎక్కువే, పైకప్పు పని చేసేటప్పుడు భుజాలు లాగేస్తాయి. అయినా డైమండ్ కప్పుతో అరగదీసేటప్పుడు వేగం నిలబెట్టుకుంటుంది. టైలు అంచు దగ్గరికొచ్చేసరికి డయల్ తగ్గించుకోవచ్చు. దుమ్ము లాగే వ్యాక్యూమ్‌కి తగిలించే కవరు కూడా ఈ సైజుకి దొరుకుతుంది. కాంక్రీటు దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, ఒకసారి సిలికోసిస్ వచ్చిందంటే నయం కాదు. కవరున్నా సరే మాస్కు తప్పనిసరి, మూతికి కట్టుకున్న తువ్వాలు చాలదు.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నాను. 5 అంగుళాల మిషన్‌కీ 7 అంగుళాల మిషన్‌కీ డిస్కు రంధ్రం ఒకటే, 22.23 మిల్లీమీటర్లు. దాంతో గార్డు (డిస్కు చుట్టూ ఉండే రక్షణ కవచం) ఊడదీసి పెద్ద బ్లేడు బిగించేస్తున్నారు. 7 అంగుళాల బ్లేడు మీద సాధారణంగా ఉండే పరిమితి నిమిషానికి 8500 చుట్లు, 5 అంగుళాల మిషన్ తిరిగేది 11,000. బ్లేడు అంచు వేగం సెకనుకి 100 మీటర్లు దాటిపోతుంది, దాన్ని తయారుచేసింది 80కే. ముక్క ఊడితే అడ్డుకోవడానికి గార్డు కూడా ఉండదు. దయచేసి ఆ పని చేయకండి.

పొడవాటి సూటి కోతలకి మార్బుల్ కట్టర్ బాగుంటుంది, కానీ దాంతో అరగదీయలేం. 7 అంగుళాలది ఇంటి పనికి మరీ ఎక్కువ. బ్యాటరీ మిషన్లు టైలుకి సరే, కప్పు పెడితే చార్జింగ్ ఇట్టే అయిపోతుంది.

పని ఒక బాత్రూమ్ టైల్సూ, అక్కడక్కడా కాస్త గీకుడూ అయితే 4 అంగుళాలదే తీసుకోండి, మధ్యమధ్యలో లోడు లేకుండా తిప్పి చల్లారనివ్వండి. ఒక గది నేలంతా చదును చేయాల్సి ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు. ఏది కొన్నా, దాని కార్బన్లు (మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు) మీ ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.