బద్ధకపు ప్రశ్నకు మైనస్ ఓటా, తాళమా?

పుస్తకంలోని లెక్కను ఫొటో తీసి పెట్టేసి, కింద 'అర్జెంట్, సాల్వ్ చేయండి ప్లీజ్' అని రాసే ప్రశ్నలు చదువుల ప్రశ్నోత్తరాల సైటు ఏదైనా తప్పవు. గొడవంతా వీటిని ఎలా ఆపాలన్న దగ్గరే. మైనస్ ఓటు వేసి పోదామనేవాళ్లున్నారు, ప్రశ్నను మూసేయాలనేవాళ్లున్నారు, ముందు 'నువ్వు ఎంతవరకు చేశావ్?' అని అడుగుదామనేవాళ్లూ ఉన్నారు. నేను మూసేయడం వైపే, అదీ మొదటి జవాబు పడకముందే.

మైనస్ ఓటు ఒక్క క్లిక్ పని, కోపం కూడా తీరుతుంది. కానీ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ (షేర్ మార్కెట్ కాదు, ఒక ప్రశ్నోత్తరాల సైట్ల కుటుంబం) సైట్లలో దాని లెక్క చూడండి. ప్రశ్నకు మైనస్ పడితే అడిగినవాళ్లకి 2 పాయింట్లు పోతాయి, బాగానే ఉంది, కానీ కొత్త ఖాతా మొదలయ్యేదే 1 పాయింటుతో, ఎన్ని మైనస్‌లు పడ్డా అది 1 కంటే కిందికి దిగదు. నిన్న చేరి ఇవాళ హోంవర్కు పడేసినవాడికి ఇక పోయేదేముంది? అదే ప్రశ్నకు పరుగెత్తుకొచ్చి పూర్తి జవాబు రాసినవాళ్లకేమో ప్రతి ప్లస్ ఓటుకీ 10, అడిగినవాడు ఆ జవాబును అంగీకరిస్తే ఇంకో 15. అడిగినవాడికి నష్టం లేదు, చెప్పినవాళ్లకి లాభం, మరి ప్రశ్నలు ఎందుకు ఆగుతాయి! అయితే మైనస్ మరీ దండగేం కాదు. వరసగా మైనస్‌లు తెచ్చుకునే ఖాతాను, ఆ కుటుంబంలోని ప్రోగ్రామింగ్ సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో దానంతట అదే కొత్త ప్రశ్నలు అడగనివ్వదు. మొదటిసారి వచ్చినవాడికి మాత్రం ఎందుకు పడిందో కూడా అర్థం కాదు.

మూసేస్తే కొత్త జవాబులు రాయడానికి వీలుండదు. కుళాయి అక్కడ కట్టేసినట్టు. కామెంట్లు మాత్రం నడుస్తాయి, అడిగినవాడు ప్రశ్నను దిద్దితే మళ్లీ తెరవాలా వద్దా అని చూసేవాళ్లు ఉంటారు, కాబట్టి నిజంగా తెలుసుకోవాలనుకునే మనిషికి దారి మూసుకుపోదు. దీని బలహీనతల్లా ఆలస్యమే. స్టాక్ ఓవర్‌ఫ్లోలో మూయాలంటే 3,000 పాయింట్లున్నవాళ్లు ముగ్గురు ఓటేయాలి, ఆ ముగ్గురూ పోగయ్యేలోపు ఎవరో ఒకరు జవాబు గీకేసి ఉంటారు. దానికి ప్లస్ పడిందా, మూసిన ప్రశ్నలను 9 రోజుల తర్వాత ఊడ్చేసే ఆటోమేటిక్ ఏర్పాటు కూడా ఇక దాని జోలికి రాదు.

ఇక 'ఏం ప్రయత్నించావ్?' అనేది వినడానికి పెద్దమనిషి తరహా, ఫలితం తక్కువ. రెండు అర్థం లేని లైన్లు అతికించి 'ఇదిగో ప్రయత్నించాను' అనేస్తారు. పైగా కొన్ని ప్రశ్నలకు ప్రయత్నం చూపించడమే కుదరదు, ఒక నిర్వచనం అలాగే ఎందుకు పెట్టారని అడిగినవాణ్ణి ఏం లెక్క చూపించమంటాం? రెండు లైన్ల ప్రశ్నైనంత మాత్రాన బద్ధకపు ప్రశ్న కాదు, ఈ తేడా తెలియకుండా మూసేసేవాళ్లంటే నాకు హోంవర్కు వాళ్లకన్నా ఎక్కువ చిరాకు. 'ఏ మెట్టు దగ్గర ఆగిపోయావ్?' అని అడిగితే కొంత నయం.

నేనైతే ముందు ఆ ఒక్క లైను కామెంటు పెట్టి, వెంటనే మూసివేతకు ఓటేస్తాను. నా మైనస్ ప్రశ్నకు పోదు, అలాంటి ప్రశ్నకు మొదటి నుంచి చివరిదాకా లెక్క చేసిపెట్టిన జవాబుకు పోతుంది. జవాబుకు మైనస్ వేస్తే నాకూ 1 పాయింటు పోతుంది, పోనీ.