తేమ, బూజు, చల్ల మిరపకాయలు: డ్రై క్యాబినెట్‌తో ఆరేళ్లు

మాది టెక్కలి. ఓ పక్క నౌపడ ఉప్పు మడులు, ఇంకాస్త ముందుకెళ్తే భావనపాడు సముద్రం. వానాకాలం వస్తే మా వంటింట్లో ఉప్పు జాడీ అడుగున నీరు ఊరుతుంది. అలాంటి ఇంట్లో లెన్సులు ఎలా దాచాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. 2018 అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటేదాకా.

ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. పై గది గోడలు చెమ్మెక్కాయి. కెమెరా బ్యాగు బీరువాలో ఉంది కదా, దానికేం కాదులే అనుకున్నాను. పడిపోయిన రేకులు, చెట్ల పనుల్లో పడి రెండు నెలలు ఆ జిప్పు తీయలేదు. డిసెంబరులో తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నిండుగా ఉన్నాయని విని నా 55-250 జూమ్ లెన్సు తీసుకుని పరిగెత్తాను. ఎండకు ఎదురుగా తీసిన ప్రతి ఫొటో పాలు కలిపినట్టు తెల్లగా వచ్చింది. ఇంటికొచ్చి వెనక నుంచి మొబైల్ టార్చి వేసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడు లాంటి పోగులు. 50 ఎం.ఎం. లెన్సు అంచునా ఒక చుక్క మొదలైంది.

విశాఖలో ఒకాయన రెండూ విప్పి తుడిచాడు. 50 బతికింది. 55-250లో బూజు పోయింది గానీ మచ్చ పోలేదు. బూజు పెరిగేటప్పుడు వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తినేస్తుందట, తిన్నాక ఇక చేసేదేమీ లేదు. ఆ లెన్సు ఇప్పటికీ నా దగ్గరుంది. కొత్తగా కెమెరా కొన్నవాళ్లెవరైనా ఇంటికొస్తే టార్చి వేసి చూపిస్తుంటాను.

బ్యాగులో పెట్టడమే నేను చేసిన తప్పు. దెబ్బ తగలకుండా కాపాడే ఆ స్పాంజే తేమను పట్టుకుని కూర్చుంటుంది. తోలు కేసులైతే మరీ దారుణం. అప్పట్లో తలా ఒక సలహా ఇచ్చారు. కలరా ఉండలు వేయమన్నారు. అవి పురుగుకి పనికొస్తాయి, తేమను పీల్చవు. డబ్బాలో బియ్యం పోసి అందులో పెట్టమన్నారు. బియ్యం పీల్చే తేమ అంతంతమాత్రం, పైగా ఆ తవుడంతా ఫోకస్ రింగులోకి పోతుంది.

నిజంగా పనిచేసింది రబ్బరు అంచున్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో పావు కిలో సిలికా జెల్, ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు. అంతా కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. రెండు మూడు లెన్సులున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, డ్రై క్యాబినెట్, అంటే లోపలి తేమను తగ్గించి ఉంచే కరెంటు పెట్టె, అక్కర్లేదు. నీలం జెల్ తేమ పట్టాక గులాబీ రంగుకి, నారింజ జెల్ ఆకుపచ్చకి తిరుగుతుంది. వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం దాంట్లో కోబాల్ట్ ఉంటుంది, అది విషం. అట్లపెనం మీద మాత్రం వేయించకండి.

నాకు చిక్కు ఎక్కడొచ్చిందంటే, లెన్సులు మూడు దగ్గర ఆగలేదు. డబ్బాలు నాలుగయ్యాయి, ఏ డబ్బాలో జెల్ ఎప్పుడు మార్చానో గుర్తుండేది కాదు. 2019 సంక్రాంతి వెళ్లాక 30 లీటర్ల డ్రై క్యాబినెట్ ఒకటి, ఎనిమిది వేలకు కాస్త అటూఇటూగా కొన్నాను. అద్దం తలుపు, లోపల చిన్న లైటు, ముందు అంకెలు. దాన్ని చూసిన మా అమ్మ మొదటి ప్రశ్న: "ఏటిరా నాన్నా, ఇంకో ఫ్రిజ్జా?"

ఆ ఆగస్టులో ఒకరోజు తలుపు తీస్తే ఘాటు వాసన. కింది అరలో మాక్రో లెన్సు పక్కన స్టీలు గిన్నె నిండా చల్ల మిరపకాయలు. "వర్షాలకి మెత్తబడిపోతన్నాయిరా, నీ పెట్టెలో కాళీ ఉంది కదా అని పెట్టినాను" అంది. ఒకటి కొరికి చూశాను, కరకరలాడింది. నా లెన్సులు పొడిగానే ఉన్నాయని నాకు అంతకు మించిన రుజువు దొరకలేదు.

ఎందుకంటే పెట్టె మీది అంకెను నమ్మడానికి లేదు. బూజు 60 శాతం దాటిన తేమలో బాగా పెరుగుతుంది. 30 కంటే కిందికి దింపితే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయని భయం. 40 నుంచి 50 మధ్య ఉంచితే సుఖం. నాది ఎప్పుడు చూసినా 45 చూపేది. అనుమానం వచ్చి ఉప్పు పరీక్ష చేశాను. సీసా మూతలో ఉప్పు వేసి, కరిగిపోకుండా ముద్దయ్యేంత నీళ్ల చుక్కలు పోసి, దాన్నీ మీటరునీ ఒకే జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయాలి. తడి ఉప్పు చుట్టూ గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. నౌపడ ఉప్పే వాడాను, ఊరి మీద అభిమానం కొద్దీ. నా చిన్న మీటరు 72 చూపింది, అంటే మూడు కలుపుకోవాలి. ఆ మీటరు క్యాబినెట్‌లో పెడితే 50 వచ్చింది. అసలు తేమ 53, పెట్టె చెప్పేది 45. అప్పట్నుంచి ఆ పెట్టెని 38 మీద పెట్టేవాణ్ని. ఎవరు కొన్నా ముందు ఈ పని చేయండి, రెండొందల మీటరు ఎనిమిది వేల పెట్టె గుట్టు బయటపెడుతుంది.

తర్వాత సిగ్మా 150-600 లెన్సు వచ్చింది. 1930 గ్రాముల బరువు, 26 సెంటీమీటర్ల పొడవు. నిలబెడదామంటే పై అర అడ్డం, పడుకోబెడదామంటే మిగతా లెన్సులకు చోటు లేదు. ఏడాదిన్నరకే 30 లీటర్లు చాల్లేదు. 80 లీటర్లది కొన్నాను. మొదటిసారే ఇది కొనుంటే ఆ ఎనిమిది వేలు మిగిలేవి. ఇప్పుడున్న లెన్సులకు సరిపడేది చూసుకుంటాం గానీ, ఈ పిచ్చి పట్టినవాడికి లెన్సులు పెరుగుతూనే ఉంటాయి. లీటర్ల కంటే లోపలి లోతు, అర తీస్తే వచ్చే ఎత్తు టేపు పెట్టి కొలుచుకోవాలి.

రెండిటికీ పనితీరులో తేడా ఉంది. పాతది లోపల ఒక పలకను చల్లబరిచి తేమను దాని మీదికి నీరుగా దింపుతుంది. కరెంటు పోతే ఆ పని ఆగిపోతుంది. కొత్తదాంట్లో తేమ పీల్చే గుళికలుంటాయి. అవి నిండాక హీటరు వేడెక్కి, వెనక చిన్న తలుపు తెరుచుకుని తేమను బయటికి వదులుతుంది. రోజుకు కొన్నిసార్లు 'టిక్' మంటుంది, ఆ కాసేపు అంకె రెండు మూడు పెరుగుతుంది. మొదట్లో పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. కరెంటు పోయినా గుళికలు కొంతసేపు పీలుస్తూనే ఉంటాయి. తుఫాను హెచ్చరిక రాగానే అర కిలో సిలికా జెల్ కూడా లోపల పడేస్తాను. తలుపు తీయకుంటే చాలావరకు నిలుస్తుంది.

సర్దడం సంగతి. తరచూ వాడేవి కంటి ఎత్తు అరలో, సిగ్మా 600 కింది అరలో పడుకుని. అన్నీ నల్ల మూతలే కాబట్టి వెనక మూతల మీద తెల్ల స్టిక్కరు అంటించి ఎం.ఎం. రాశాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాతవి, ఉదాహరణకి నా హీలియోస్ 44-2, నెలపాటు విడి డబ్బాలో జెల్‌తో ఉండి, టార్చి పరీక్ష పాసయ్యాకే లోపలికొస్తాయి. విడి మూతలకు, రింగులకు పోపుల డబ్బా పెట్టాను. ఒక గిన్నెలో 49 ఎం.ఎం. వెడల్పువి, ఒకదాంట్లో 58వి, ఇలా. 600 మూత 95, అది ఏ గిన్నెలోనూ పట్టలేదు.

లోపాలూ ఉన్నాయి. అరల మీద ఇచ్చిన స్పాంజి షీటు మూడో ఏడాదికి జిగురుగా మారి లెన్సుల అడుగున నల్లగా అంటుకుంది. పీకేసి పాత నూలు తువ్వాలు ముక్కలు పరిచాను. తాళం పేరుకే. ఐదో ఏట లోపలి లైటు పోయింది, బాగు చేయించలేదు. కరెంటు బిల్లులో మాత్రం తేడా కనిపించలేదు.

ఆరేళ్లలో కొత్త బూజు ఒక్క లెన్సుకీ రాలేదు. నెలకోసారి అన్నీ తీసి రింగులు తిప్పి, టార్చి వేసి చూస్తాను. 80 లీటర్లదీ దాదాపు నిండింది. కింద 600 పక్కన అరచేయంత జాగా మిగిలింది, అందులో ఏం పెట్టాలో రాత్రిళ్లు ధరలు చూసుకుంటున్నాను. పాత 30 లీటర్లది వంటింట్లో ఉంది. పై అరలో గుమ్మడి వడియాలు, కింద చల్ల మిరపకాయలు. అమ్మ దాన్ని 45 మీదే పెట్టుకుంది.