పీవీడీఎఫ్ ఫిల్మ్: కాస్టింగా, ఎలక్ట్రోస్పిన్నింగా, కోపాలిమరా? చెన్నైలో ఉన్నోళ్లకి ఏది మేలు?

ప్రాజెక్ట్ సీజన్ వస్తే చాలు, ఇక్కడ చెన్నైలో ఎంటెక్ చేసే మనోళ్లందరిదీ ఒకటే ప్రశ్న, "అన్నా, ఎనర్జీ హార్వెస్టర్‌కి ఫిల్మ్ ఎలా చేసుకుంటే మంచిది?" అని. పీవీడీఎఫ్ అంటే నొక్కినా వంచినా కరెంటు పుట్టించే ప్లాస్టిక్, హార్వెస్టర్ అంటే అలా కదలికల్లోంచి కరెంటు పట్టే పరికరం. ఆ ప్లాస్టిక్ గొలుసులు పేరుకునే తీరుల్లో (ఫేజ్‌లు) ఆల్ఫా దండగ, కరెంటిచ్చే బీటా కావాలి అన్నంతవరకు అందరికీ తెలిసిందే కాబట్టి అది వదిలేద్దాం.

అందరూ బీటా శాతం కోసమే కొట్టుకుంటారు, ఎఫ్‌టీఐఆర్ అనే ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో 840 దగ్గర బీటా పీక్ కనబడగానే పండగ చేసుకుంటారు. నన్నడిగితే అసలు సంగతి పోలింగ్, అంటే గట్టి వోల్టేజీ పెట్టి డైపోల్స్‌ని (గొలుసులోని చిన్న ప్లస్-మైనస్ జంటల్ని) ఒకవైపు తిప్పడం. బీటా ఎంతున్నా డైపోల్స్ తలోవైపు చూస్తుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని చేతికొచ్చేది సున్నా. వాటిని ఒకవైపు తిప్పాలంటే మైక్రాన్‌కి 50 వోల్టులు దాటాలి, గట్టిగా తిరగాలంటే 100 దాకా, అంటే 30 మైక్రాన్ల ఫిల్మ్‌కి 3 కిలోవోల్టులు! ఎక్కడో ఒక్క సన్న చిల్లు ఉన్నా టప్పుమని స్పార్క్ వచ్చి ఎలక్ట్రోడ్ మీద నల్ల చుక్క పడుతుంది, ఇక ఆ ముక్క చెత్తబుట్టకే. అందుకే ఏ పద్ధతికైనా నా పరీక్ష ఒకటే, వచ్చిన ఫిల్మ్ పోలింగ్ తట్టుకుంటుందా లేదా.

మామూలు కాస్టింగ్ చవక. పౌడర్ డీఎంఎఫ్ అనే ద్రావకంలో కరిగించి గాజు మీద పోసి ఆరబెట్టి, 80-100 డిగ్రీల వేడిలో నాలుగైదు రెట్లు సాగదీయాలి, 1969లో జపాన్‌లో కవాయ్ చూపించింది కూడా ఇలా సాగదీసి పోల్ చేసిన ఫిల్మే. చిక్కంతా ఆరబెట్టడంలోనే ఉంది. 70 డిగ్రీల లోపు ఆరితే బీటా వస్తుంది గానీ ఫిల్మ్ నిండా బొక్కలు, వేడి పెంచితే అద్దంలా వస్తుంది గానీ ఆల్ఫా. దానికి తోడు మన చెన్నై గాలి ఒకటి, డీఎంఎఫ్ తేమని లాగేసుకుంటుంది, పాలిమర్‌కేమో నీళ్లు పడవు, దాంతో అది మధ్యలోనే విడిపోయి ఫిల్మ్ పాలలా తెల్లబడిపోద్ది. అలాంటిది 3 కిలోవోల్టులు ఎక్కడ ఆపుతుంది? బెంగళూరులో ఫిబ్రవరి, మార్చిలో అయితే ఫ్యూమ్ హుడ్‌లో వదిలేసినా ఏదోలా గడిచిపోద్దేమో, ఇక్కడ నవంబర్‌లో మాత్రం ఓవెన్ లేకుండా ఆ పని పెట్టుకోకండి. వేడిగా ఆరబెట్టి ఆల్ఫా తెచ్చుకుని, సాగదీసి బీటాకి మార్చుకోవడమే నయం. డీఎంఎఫ్ చర్మంలోంచి కూడా ఎక్కుతుంది, లివర్‌కి మంచిది కాదు, గ్లోవ్స్ మర్చిపోవద్దు.

ఎలక్ట్రోస్పిన్నింగ్‌కి, అంటే ద్రావణాన్ని హై వోల్టేజీతో సన్న దారాలుగా లాగి మ్యాట్‌లా పేర్చడానికి, క్రేజ్ ఎక్కువ. 15 కిలోవోల్టులు పెడితే దారం సాగడం, పోలింగ్ రెండూ గాల్లోనే అయిపోతాయంటారు, కొంతవరకు నిజమే. కానీ ఆ మ్యాట్‌లో సగం పైన గాలే, పైన ఎలక్ట్రోడ్ వేస్తే సందుల్లోంచి దిగి కింద దానికి తగిలి షార్ట్ అవుతుంది. ఇక వేలితో కొట్టి "పది వోల్టులొచ్చాయి" అనేవాళ్లు, అదే సైజు పాలిథిన్ కవర్ ముక్కకి అవే ఎలక్ట్రోడ్లు అంటించి కొట్టి చూడండి, దానికీ వోల్టులొస్తాయి. అది రాపిడి కరెంటు బాబూ!

నా ఓటు కోపాలిమర్‌కే (రెండు రకాల యూనిట్లు ఒకే గొలుసులో కలిపినది), పీవీడీఎఫ్-టీఆర్‌ఎఫ్‌ఈ 70:30. అందులో అదనంగా ఉండే ఫ్లోరిన్ వల్ల గొలుసు తిన్నగా నిలబడి నేరుగా బీటాగా గట్టిపడుతుంది, సాగదీసే గొడవే లేదు. ఎంఈకే అనే ద్రావకంలో కరిగించి బ్లేడుతో పూసి, 135 డిగ్రీల దగ్గర రెండు గంటలు అనీల్ చేస్తే (వేడిలో ఉంచితే) పోలింగ్‌కి నిలబడే ఫిల్మ్ వస్తుంది. రేటు చూసి భయపడతారు గానీ లెక్కేసుకోండి, 5 సెంటీమీటర్ల చదరం, 20 మైక్రాన్ల మందం ముక్కకి పట్టేది 0.1 గ్రాము లోపే. స్పిన్ కోట్ చేసి (గిరగిరా తిప్పుతూ పూసి) ఒక మైక్రాన్ ఫిల్మ్‌తో మాత్రం సరిపెట్టుకోకండి, మందం తగ్గితే వోల్టేజీ కూడా తగ్గిపోద్ది. పోలింగ్ అయ్యాక వైర్లు సోల్డర్ చేయొద్దు, 100 డిగ్రీలు దాటితే చేసిందంతా పోద్ది, సిల్వర్ పేస్ట్ వాడండి.

బేరియం టైటనేట్, జింక్ ఆక్సైడ్ పొడులు కలపడం గురించి కూడా అడుగుతున్నారు. పొడి ఉండ కట్టిన చోటే స్పార్క్ వస్తుంది, మొదటిసారికి వద్దు. మీ ప్రాజెక్ట్ సర్క్యూట్ మీదైతే రెడీమేడ్ మెటలైజ్డ్ ఫిల్మ్ (ఎలక్ట్రోడ్ పూత ముందే ఉన్నది) కొనేసుకోండి, ఎల్‌టీసీ3588 అనే ఎనర్జీ హార్వెస్టింగ్ చిప్‌కి తగిలించి మైక్రోవాట్లు కొలుచుకోవచ్చు.