‘గాడ్జిల్లా’ బ్లూ-రే: ఒకే డిస్కులో రెండు సినిమాలు

అమెరికాలో ఉన్న మేనల్లుడి చేత తెప్పించుకున్న, టోక్యోను తొక్కేసే రాకాసి మృగం కథ ‘గాడ్జిల్లా’ సినిమా బ్లూ-రే డిస్కును శ్రీకాకుళంలోని మా ఇంట్లో పెడితే ప్లేయరు ఆడలేదు. బ్లూ-రే డిస్కులనూ ప్లేయర్లనూ ప్రపంచంలోని ప్రాంతాల (రీజియన్ల) వారీగా విడదీశారు, ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు ప్లేయరులో ఆడకపోవచ్చు. ఆ డిస్కు రీజియన్ ఏ కిందికి, మన దేశపు ప్లేయర్లు రీజియన్ సీ కిందికి వస్తాయన్న సంగతి అమ్మినవారు చెప్పలేదు, అట్ట వెనుక చిన్న అక్షరాలను మేమూ చదువుకోలేదు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయరు ఒక మిత్రుని దగ్గర దొరికేసరికి మూడు వారాలు పట్టింది.

ఇషిరో హోండా దర్శకత్వంలో 1954 నవంబరు 3న జపానులో విడుదలైన ఈ 96 నిమిషాల నలుపు తెలుపు చిత్రం ఇప్పటికీ నిలబడడానికి కారణం అందులోని చేతిపని. ‘కింగ్ కాంగ్’లో మాదిరిగా బొమ్మను ఫ్రేము ఫ్రేముకూ కదిపి తీసేంత వ్యవధి లేకపోవడంతో, ట్రిక్కు దృశ్యాల బాధ్యత చూసిన ఎయిజీ త్సుబురయా మనిషికే మృగం తొడుగు వేసి నడిపించారు. మొదటి తొడుగు సుమారు 100 కిలోల బరువు. హరువో నకజిమ దానిలో దూరి బుల్లి టోక్యోను తొక్కుతూ నడుస్తుంటే కెమెరాలో ఫిల్మును మామూలు కంటే వేగంగా నడిపించారు కనుక, తెరమీద ప్రతి అడుగూ నింపాదిగా, బరువుగా పడుతుంది. హైటెన్షన్ టవర్లను మైనంతో చేసి, వేడిగాలితోనూ దీపాల వేడితోనూ కరిగించారు. 2018లో తిత్లీ తుపాను తరువాత పలాస దారిలో ఒరిగిపోయిన కరెంటు స్తంభాలను చూసిన నాకు, ఆ టవర్లు వంగే తీరు మైనమని తెలిసినా మైనంలా కనిపించలేదు. సంగీత దర్శకుడు అకీరా ఇఫుకుబే కాంట్రాబాస్ (ఫిడేలు జాతిలో చాలా పెద్ద వాయిద్యం) తీగలను జిగురు పూసిన తోలు చేతితొడుగుతో రుద్ది పుట్టించిన గర్జనను మంచి స్పీకర్లలోనే వినాలి.

ఈ డిస్కుకు అసలు విలువ అందులోని రెండో సినిమా, అంటే ఇదే చిత్రాన్ని కత్తిరించి, కొత్త దృశ్యాలు చేర్చిన 1956 నాటి అమెరికా కూర్పు వల్ల వచ్చింది. ఏమి కత్తిరించారో తెలియాలంటే అసలు చిత్రం వెనుక ఉన్న సంగతి తెలియాలి. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాను చేపల పడవలోని 23 మంది మీద పడింది. డెక్కు మీద సేదతీరుతున్న నావికుల కళ్ల ముందు సముద్రం తెల్లగా వెలిగిపోయే తొలి దృశ్యం వెనుక ఆ సంఘటనే ఉంది. రైలులో ఒక యువతి, నాగసాకిలో దక్కించుకున్న ప్రాణం గురించి అనే మాట అసలు చిత్రంలో ఉంది, అమెరికా కూర్పులో లేదు. దాని బదులు అమెరికాలో పనిచేసిన నటుడు రేమండ్ బర్ విలేకరిగా వచ్చి కథంతా చెప్పుకుపోతాడు. రెండూ వెంటవెంటనే చూస్తే కత్తెర ఎక్కడ పడిందో తెలిసిపోతుంది.

నకజిమ ఇంటర్వ్యూ, ఆ పడవ గురించిన ప్రసంగం అదనంగా ఉన్నాయి, రెండూ చూడదగ్గవే. సబ్‌టైటిళ్లు ఇంగ్లీషులోనే ఉండడంతో మా అమ్మకు పక్కన కూర్చుని నేనే చెప్పవలసి వచ్చింది. ఇదే వరసలోని కొత్త చిత్రం ‘గాడ్జిల్లా మైనస్ వన్’కు 2024లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కారు వచ్చాక ఈ వరసలోకి దిగినవారు మాత్రం ముందుగా తమ ప్లేయరు రీజియన్ చూసుకుని కొనాలి. అట్ట విప్పగానే లేచి నిలబడే కాగితపు గాడ్జిల్లా ఒకటి ఉంది. దాని తోకను మా మనవడు మొదటి రోజే చింపేశాడు.