రింగ్ గేరుకు మాత్రం బెజ్జాలు వద్దు

నా 1/10 క్రాలర్‌లో (అసలు బండిలో పదో వంతు సైజులో, రాళ్ళ మీద పాకే రిమోట్ కంట్రోల్ బండి) బరువు తగ్గించడానికి హార్డెన్డ్ స్టీల్ (వేడిచేసి గట్టిపరచిన ఉక్కు) గేర్లకు బెజ్జాలు వేయించి చాలాకాలంగా నడుపుతున్నాను. ట్రాన్స్‌మిషన్ (మోటారు బలాన్ని ఇరుసులకు పంపే గేరుపెట్టె) గేర్లతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ముందు యాక్సిల్ (ఇరుసు) లోపల చక్రాలను తిప్పే పెద్ద గేరు, అంటే రింగ్ గేరు మీద మాత్రం కోపం ఇంకా తగ్గలేదు.

హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల్లో రెండు బండల మధ్య సందులో ముందు టైరు ఇరుక్కుంది. వెనక చక్రాలు తోస్తున్నాయి, ముందువి కదలట్లేదు. థ్రాటిల్ కొంచెం పెంచగానే టప్‌మని చప్పుడు. ఆ తర్వాత మోటారు తిరుగుతోంది, వెనక చక్రాలు రాయిని గీరుతున్నాయి, ముందు చక్రాల్లో చలనం లేదు. ఇంటికొచ్చి యాక్సిల్ విప్పితే రింగ్ గేరు ఒక బెజ్జం అంచు నుంచి పన్ను మొదలు దాకా చీలిపోయి ఉంది. ఊడిన పళ్ళ ముక్కలు గ్రీజులో తిరిగి, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌ను కూడా కొరికేశాయి. అంటే గేరు పోవడమే కాదు, మొత్తం జత మార్చాల్సి వచ్చింది.

ఆ గేరుకు బెజ్జాలు వేసింది నగరంలోని ఒక వర్క్‌షాప్. విరిగిన ముక్కను వెలుతురులో పెట్టి చూస్తే పని ఎలా జరిగిందో అర్థమైంది. బెజ్జానికీ పన్ను మొదలుకూ మధ్య మిల్లీమీటరు పైచిలుకు లోహమే మిగిలింది. బెజ్జాల చుట్టూ నీలం రంగు తిరిగింది. ఉక్కు మీద ఆ నీలం కనిపించిందంటే వేడి 300 డిగ్రీల దగ్గరికి వెళ్లిందని లెక్క, అక్కడ గేరు గట్టిదనం తగ్గిపోతుంది. పైగా అంచులు చాంఫర్ చేయకుండా (ఏటవాలుగా అరగదీయకుండా) పదునుగానే వదిలేశారు. క్రాలర్‌లో గేర్లు నెమ్మదిగానే తిరుగుతాయి గానీ టైరు ఇరుక్కున్నప్పుడు మోటారు బలమంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. చీలిక అలాంటి పదును అంచు దగ్గరే మొదలవుతుంది.

ట్రాన్స్‌మిషన్ గేర్లు బాలానగర్‌లో వేరే మెషినిస్ట్ దగ్గర చేయించాను. ఆయన ముందు ఆకురాయి పెట్టి చూశారు, గేరు అంత గట్టిది కాబట్టి అది కొరకకుండా జారిపోయింది. అలాంటి గేరు మీద మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ బిట్ మొన కాలిపోవడమే తప్ప లోపలికి దిగదు. అంతకన్నా గట్టిదైన సాలిడ్ కార్బైడ్ బిట్ దిగుతుంది, కానీ పెళుసు. చేతి డ్రిల్లులో కొంచెం ఊగినా విరుగుతుంది, అవతలి వైపు బయటపడేటప్పుడు మరీను. అందుకే పిల్లర్ డ్రిల్ (స్తంభానికి బిగించిన, ఊగని డ్రిల్లు) మీద, గేరు కింద మెత్తటి ఇనుప ప్లేటు పెట్టి, కదలకుండా బిగించి చేశారు. బెజ్జాలు హబ్‌కీ పళ్ళకీ సరిగ్గా మధ్యలో, సమాన దూరంలో ఉన్నాయి. రెండు వైపులా అంచులు తీసేశారు. ఆ గేర్ల పళ్ళు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

లాభం సంగతి చెప్పాలి. మొదట్లో బండి చాలా తేలికైందని స్నేహితులందరికీ చెప్పాను. అయిదు మిల్లీమీటర్ల మందం ఉన్న గేరులో అయిదు మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి వేస్తే పోయేది ముప్పావు గ్రాము. ఆరు బెజ్జాలకు నాలుగున్నర గ్రాములు. రెండు కిలోలు దాటిన బండికి అది ఎంత? పాకే వేగంలో థ్రాటిల్‌కు తేడా నాకు తెలియడం లేదు, మోటారు ఆర్మేచర్‌కు (లోపల తిరిగే భాగానికి) ఉన్న జడత్వం ముందు గేరులో తగ్గింది చాలా చిన్నది. ఉన్న ప్రయోజనమల్లా ట్రాన్స్‌మిషన్ బండిలో కాస్త ఎత్తున ఉండటం వల్లే. పక్కవాలు మీద వెళ్లేటప్పుడు పైనుంచి ఎంత తగ్గినా మంచిదే, బోల్తా పడే భయం తగ్గుతుంది.

యాక్సిల్ సంగతి పూర్తిగా తిరగేసి ఉంటుంది. బండిలో అన్నిటికన్నా కింద ఉండేవి చక్రాలూ యాక్సిళ్ళే. అక్కడ బరువు పెంచడానికి జనం డబ్బు పెట్టి ఇత్తడి నకిల్స్ (ముందు చక్రాలను పట్టుకుని తిప్పే ముక్కలు), ఇత్తడి వీల్ వెయిట్లు కొంటున్నారు. అలాంటి చోట బలం తగ్గించుకుని మరీ బరువు తీసేయడం నాకు అస్సలు నచ్చని పని.

నాది బ్రష్డ్ (లోపల బ్రష్‌లున్న మామూలు రకం) మోటారు, నడిపేది ఎక్కువగా గ్రానైట్ బండల మీద, తీరిగ్గా. బ్రష్‌లెస్ (బ్రష్‌లు లేని రకం) మోటారు పెట్టి పోటీల్లో దూకించేవాళ్ళకు, ప్రతి గ్రామూ తూచుకునేవాళ్ళకు నా మాట సరిపోకపోవచ్చు. పిల్లర్ డ్రిల్ ఉన్న మంచి చెయ్యి దొరికితే ట్రాన్స్‌మిషన్ వరకు చేయించుకోండి. నేను కొత్త రింగ్ గేరును మాత్రం కొన్నది కొన్నట్టే బిగించాను.