మందుల దుకాణంలో బైఫోకల్: రౌండా, డీయా, ఎగ్జిక్యూటివా?

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర మందుల దుకాణంలో పనిచేసేవాడి చూపు క్షణం ఒకచోట నిలవదు. మాత్రల షీటు మీద ఆవగింజంత అక్షరాల్లో ఉన్న గడువు తేదీ చూడాలి, కౌంటరు అవతల వరసలో ఎవరున్నారో చూడాలి, తలకు పైన అరలో సీసా పేరు చదవాలి. చత్వారం వచ్చిన దగ్గర నుంచి ఈ పనిలోనే రౌండ్, డీ, ఎగ్జిక్యూటివ్ బైఫోకల్ మూడూ వాడాను, మధ్యలో కొంతకాలం గీత లేకుండా పవర్ మెల్లగా మారే ప్రోగ్రెసివ్ కూడా. బైఫోకల్ అంటే ఒకే అద్దంలో పైన దూరపు చూపు, కింద దగ్గర చూపు, రెంటి మధ్యా ఒక గీత. కొనేవాళ్లందరూ గీత కనబడుతుందా లేదా అనే అడుగుతారు. నన్నడిగితే చూడవలసింది, ఆ గీత దాటేటప్పుడు బొమ్మ ఎంత ఎగురుతుందన్నది.

మొదట పెట్టుకున్నది రౌండ్. కళ్లజోళ్ల దుకాణాల్లో కేటీ అంటారు. అద్దం కింది భాగంలో గుండ్రటి బిళ్ల ఉంటుంది, సాధారణంగా 22 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా చవక, గీత కూడా అంతగా కనబడదు. కానీ గుండ్రం కాబట్టి పై అంచు దగ్గర సన్నగా ఉండి, నడుమకు వెళ్తే గాని వెడల్పు రాదు. చీటీ చదవాలంటే కళ్లు బాగా కిందికి దించాలి. అసలు చిక్కు మెట్ల దగ్గర. దగ్గర చూపుకు అదనపు పవర్ 2.00 అనుకోండి. బిళ్ల కేంద్రం పై అంచుకు 11 మిల్లీమీటర్లు కింద ఉంటుంది. 1.1 సెంటీమీటర్లను 2తో హెచ్చిస్తే 2.2 ప్రిజం డయాప్టర్లు. అంటే మీటరు దూరంలో ఉన్న వస్తువు, చూపు గీత దాటగానే 2.2 సెంటీమీటర్లు పైకి జరిగినట్టు కనబడుతుంది. నిలబడి నేలను చూస్తే మూడు సెంటీమీటర్ల పైమాటే, పైగా మసక. సిటీ బస్సు మెట్టు దిగేటప్పుడు నేల పైకి లేచి వచ్చినట్టుండేది. సింహాచలం మెట్ల దారిలో దిగేటప్పుడైతే గడ్డం గుండెకు ఆనించి, పై అద్దంలోంచి చూస్తూ అడుగు వేసేవాణ్ని.

గీత కనబడకుండా అంచును నునుపు చేసిన రౌండ్ కూడా అమ్ముతారు. కేంద్రం ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఎగురుడు తగ్గదు, అదనంగా బిళ్ల చుట్టూ ఒక మసక వలయం వస్తుంది. ముఖానికి అందం, కంటికి నష్టం.

డీకి మారాక ప్రాణం కుదుటపడింది. ఇందులో బిళ్ల పైభాగాన్ని అడ్డంగా కోసినట్టు ఉంటుంది. నాది 28 మిల్లీమీటర్ల వెడల్పుది, 35 కూడా దొరుకుతుంది. 28లో కేంద్రం గీతకు 5 మిల్లీమీటర్లే కింద, కాబట్టి అదే పవర్‌కు ఎగురుడు 1 ప్రిజం డయాప్టరే. చూపు గీత దాటీ దాటగానే కావలసినంత వెడల్పు దొరుకుతుంది. డాక్టరు చీటీ ఈ అంచు నుంచి ఆ అంచుకు తల తిప్పకుండా చదువుకోవచ్చు. బిళ్లకు రెండు పక్కలా దూరపు అద్దమే ఉంటుంది కనుక ఓరగా చూస్తే మెట్టు అంచు స్పష్టంగా తెలుస్తుంది. లోపాలు లేకపోలేదు. ప్లాస్టిక్ అద్దాల్లో గీత దగ్గర చిన్న గట్టు ఉంటుంది, అక్కడ దుమ్ము చేరుతుంది. ట్యూబులైటు కింద ఆ గట్టు ఒక్కోసారి తళుక్కుమంటుంది. ఇక ఆ గీత చూసి మా ఆవిడ 'తాతగారు వచ్చారు' అంటుంది. అంటే అననీ.

ఎగ్జిక్యూటివ్‌లో గీత అద్దం పొడుగునా ఉంటుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, రెండు జతల అద్దాలను సగానికి కోయించి ఒకే చట్రంలో బిగించుకున్నానని వర్ణించాడు. దాని రూపమే ఇది, కాకపోతే ఒకే ముక్కగా పోతపోసినది. కేంద్రం గీత మీదే కాబట్టి ఎగురుడు దాదాపు లేదు. స్టాకు పుస్తకం రెండు పేజీలూ పరిచి రాసుకునేవాడికి ఇంతకు మించింది లేదు. అయితే అద్దం మందం, బరువు. కింది సగమంతా దగ్గర చూపే కావడంతో నడుస్తుంటే కాళ్ల దగ్గర అంతా మసక. రోజంతా బల్ల ముందు కూర్చునేవాళ్లకే చెబుతాను.

1959లో ఫ్రాన్స్‌లో వేరిలక్స్ పేరుతో వచ్చిన ప్రోగ్రెసివ్ రకం గీత సమస్యను పూర్తిగా తీసేసింది. ఎగురుడూ లేదు. నాకు అది అక్కరకొచ్చింది బిల్లింగ్ కంప్యూటర్ దగ్గరే. వయసు పెరిగి అదనపు పవర్ 2.50 అయితే బైఫోకల్ బిళ్లలో స్పష్టత 40 సెంటీమీటర్ల దగ్గర కుదురుతుంది. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న తెర అటూ కాదు ఇటూ కాదు. ప్రోగ్రెసివ్‌లో ఆ మధ్య దూరం దొరుకుతుంది. కానీ స్పష్టంగా కనబడే దారి సన్నం, పక్కలు మసకబారి ఊగుతాయి. అర పొడుగునా పేర్లు వెతకాలంటే ముక్కును ఒక్కో సీసా వైపూ తిప్పాలి. ధర చూస్తే గుండె దడ. తెర ముందు ఎక్కువసేపు గడిపేవాళ్లు తీసుకోవచ్చు, నేను డీకే తిరిగొచ్చాను.

పై అర సంగతికి ఇవేవీ మందు కాదు, దగ్గర చూపు అన్నిట్లోనూ కిందే కదా. పైనా కిందా బిళ్లలుండే డబుల్ డీ అనే రకం సరిగ్గా ఇలాంటి పనివాళ్ల కోసమే. నేను మాత్రం ఎక్కువ అమ్ముడయ్యే సీసాలను కింది అరల్లోకి దించేశాను.

ఏ రకమైనా బిళ్ల ఎత్తు తప్పితే అంతా వృథా. డీ గీత కింది కనురెప్ప అంచుకు సరిగా ఉండాలి, నిలబడి పనిచేసేవాళ్లకు ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందైనా మంచిదే. ఒక దుకాణంలో ఫ్రేము నా ముఖానికి పెట్టకుండానే కొలత వేసి ఇచ్చారు. గీత కంటిపాపకు అడ్డం వచ్చి, జగదాంబ జంక్షన్‌లో తల దించుకుని నడవవలసి వచ్చింది. ఫ్రేము సరిచేసి పెట్టాక, కొలిచే మనిషి మీకెదురుగా అదే ఎత్తులో కూర్చుని అద్దం మీద గుర్తు పెట్టాలి. అలా చేయకపోతే లేచి వచ్చేయండి.

మన ఊళ్లో చెమట కూడా ఒక లెక్కే. మే నెలలో ముక్కు మీద ఫ్రేము జారితే గీత కూడా జారుతుంది, చదవడానికి గడ్డం పైకెత్తాలి. సిలికాన్ ముక్కు బిళ్లలున్న తేలికపాటి ఫ్రేము తీసుకోండి, అవి పసుపెక్కి గట్టిపడితే మార్పించుకోండి. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చాక అద్దాన్ని చొక్కాతో తుడవకండి. ఉప్పూ ఇసుకా పోయేలా నీళ్లతో కడిగాకే గుడ్డ పెట్టండి, డీ గట్టు దగ్గర వేలితో మెల్లగా రుద్దండి.